మంత్రమెఱిగిన యోధుడు



ఈనాడు నేను మీకు ఒక యోధునిగుఱించి చెప్పదలచితిని. అతడు ఒక చేత కత్తి పట్టును; రెండవ చేతిని మంత్రప్రయోగమునకై ఖాళీగా నుంచుకొనును. అతడు ఏ దేశమును ఏలినవాడు కాడు. ఏ శాసనమునందును అతని పేరు కానరాదు. అతడొక ఆటలోని పాత్ర. ఆ ఆట 1974వ సంవత్సరమున అమెరికాలో పుట్టినది. పుస్తకములద్వారమునను, సెల్‌ఫోనులద్వారమునను ప్రపంచమంతయు వ్యాపించి, నేడు మన బిడ్డల చేతులలోనికిని వచ్చినది. నరసరావుపేటనుండి, మాచర్లనుండి, గురజాలనుండి చదువులకై పట్టణములకు పోయిన పిల్లలు కొందఱు సెలవులలో ఇంటికి వచ్చినపుడు నలుగురు చుట్టు కూర్చుండి, పాచికలు దొర్లించుచు, “నేను మంత్రము వేసితిని, కత్తితో కొట్టితిని” అనుకొనుట పెద్దలు విని విస్తుపోవుచున్నారు. అట్టివారు నన్నడిగిన ప్రశ్నలు మూడు. ఇది జూదమా? ఇది క్షుద్రవిద్యయా? ఇందులో పిల్లవానికి కలుగు లాభమేమి?

మొదటి రెండు ప్రశ్నలకును ఒక్కమాటతో జవాబు చెప్పవచ్చును. ఇందు పందెము లేదు గనుక ఇది జూదము కాదు. ఇందు ఎవ్వరును ఏ మంత్రమును నోట జపింపరు. మంత్రము పేరు చెప్పి, లెక్కచూచుకొని, పాచిక వేయుదురు. అంతియే గనుక క్షుద్రవిద్యయు కాదు. అమెరికాలో సైతము 1980 తరువాతి సంవత్సరములలో కొందఱు తల్లిదండ్రులు ఈ ఆటను చూచి మీవలెనే భయపడిరి. కాలక్రమమున ఆ భయము చల్లాఱినది. మూడవ ప్రశ్నకు మాత్రము కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయనగా, ఈ మంత్రమెఱిగిన యోధుడు మనకు క్రొత్తవాడు కాడు. అతనిగుఱించి ఆ ఆట వ్రాసినవారికంటె మన పెద్దలు చాల ముందుగా, చాల లోతుగా ఆలోచించియున్నారు.

మన భాషలో శస్త్రము, అస్త్రము అను రెండు మాటలు కలవు. వాడుకలో రెండింటిని కలిపి శస్త్రాస్త్రములని అనుచున్నాము గాని, పూర్వులు వీనిని వేఱుగా నెన్నిరి. చేతబట్టి కొట్టునది శస్త్రము. కత్తి, గద మొదలగునవి ఇట్టివి. ప్రయోగించి విడుచునది అస్త్రము. ఇతిహాసములలో అస్త్రమనగా సాధారణముగా మంత్రముతో అభిమంత్రించి విడుచునదని అర్థము. యజుర్వేదమునకు ఉపవేదమైనది ధనుర్వేదము. ఆ సంప్రదాయమునకు చెందిన నీతిప్రకాశిక యను గ్రంథము, విసరు ఆయుధములను, విసరని ఆయుధములను చెప్పి, వానితోబాటు మంత్రముక్తమను ఒక తెగను గూడ లెక్కించినది. మంత్రముక్తమనగా మంత్రముచేత విడువబడునది.

ఇందొక విశేషము గమనింపుడు. మంత్రమున్నచో ఆయుధము గొప్పది కానక్కఱలేదు. సీతమ్మను బాధించిన కాకాసురునిపై శ్రీరాముడు విడిచినది వాడియైన బాణము కాదు. పఱుచుకొన్న దర్భాసనమునుండి తీసిన ఒక దర్భపుల్ల. ఆ పుల్ల బ్రహ్మాస్త్రమై మూడు లోకములందును ఆ కాకిని తఱిమినది. కడకు కాకి వచ్చి శరణు చొచ్చినను, అస్త్రము వ్యర్థము కారాదు గనుక, కుడికన్ను సమర్పించుకొని ప్రాణము దక్కించుకొనవలసివచ్చెను. కాబట్టి అట్టి యోధునకు చేతిసాధన ఒక్కటియే చాలదు. చేయి, మనస్సు, వాక్కు మూడును ఒక్క క్షణమున కలియవలెను. అట్లు కలుపుట నేర్పువాడే గురువు.

ఆ గురువు నేర్పునది అస్త్రమును విడుచుట మాత్రమే కాదు. బాలకాండలో విశ్వామిత్ర మహర్షి రామునకు బల, అతిబల యను విద్యల నుపదేశించి, తాటకవధానంతరము అస్త్రములన్నింటిని అనుగ్రహించెను. అప్పుడు పసివాడైన రాముడు సంతోషించి ఊరకుండలేదు. వీనిని మరల్చుకొను విధానమును గూడ నాకు ఉపదేశింపుడని వేడెను. దీనినే ఉపసంహారమందురు. ప్రయోగము సగము విద్య. ఉపసంహారము తక్కిన సగము. మొదటి సగము మాత్రమే నేర్చినవాని గతి యేమగునో భారతము సౌప్తికపర్వమున చూపినది.

ఆ కథ మీరెఱుగనిది కాదు. ద్రోణాచార్యుడు బ్రహ్మశిరోనామకాస్త్రమును అర్జునునకు ఇష్టపడి ఇచ్చెను. కొడుకైన అశ్వత్థామకు, అతని చాపల్యమెఱిగి, మనసొప్పకయే ఇచ్చెను. ఇచ్చుచు, ఎంత ఆపద వచ్చినను మనుష్యులపై దీనిని విడువవలదని హెచ్చరించెను. యుద్ధము ముగిసినది. నిదురించువారిని చంపివచ్చిన అశ్వత్థామ, భీముడు తఱిమి పట్టుకొనగా, చేత ధనుస్సు లేక ఒక రెల్లుపుడకను తీసి అభిమంత్రించి విడిచెను. అర్జునుడు తన అస్త్రమును ఎదురువిడిచెను. విడుచునపుడు గురుపుత్రునకును, తమకును క్షేమమగుగాక యని తలచుకొని మఱి విడిచెను. నారదుడును వ్యాసుడును నడుమ నిలిచి ఉపసంహరింపుడని కోరిరి. వ్రతనిష్ఠ గల అర్జునుడు మరల్చుకొనగలిగెను. అశ్వత్థామకు చేతకాలేదు. ఆ అస్త్రము పాండవవంశపు గర్భములపై పడినది.

ఆ సందర్భమున వ్యాసుడు చెప్పిన మాట ఒకటి, వానకై ఆకాశమువంక చూచుట అలవాటైన పల్నాటి రైతులు మఱువరానిది. ఏ దేశమున అట్టి అస్త్రమునకు అట్టి అస్త్రమే ఎదురుగా నిలుచునో, ఆ దేశమున 12 సంవత్సరములు వాన కురియదట. అనగా, మంత్రమెఱిగిన ఇద్దఱు యోధుల పంతమునకు వెల చెల్లించువారు ఆ ఇద్దఱు కారు. చేను దున్నుకొను అమాయకులు.

ఇక ఆటకు వత్తము. ఇది ఎట్లు పుట్టినదో చెప్పినగాని దీని పద్ధతి తెలియదు.

జర్మనీదేశపు ప్రష్యా రాజ్యమున రైస్విట్జ్ అను సైనికోద్యోగి 1824లో యుద్ధక్రీడ యొకటి ప్రచురించెను. పటముపై సేనలను సూచించు బిళ్లలు పెట్టి, పాచికలు వేసి, మధ్యస్థుడొకడు తీర్పుచెప్పుచుండగా అధికారులు యుద్ధతంత్రము నేర్చుకొనుటకై ఏర్పఱచిన ఆట అది. కాలక్రమమున అట్టి ఆటలు వినోదమునకును వచ్చినవి. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు చిన్న బొమ్మలతో ఆడు ఒక పూర్వకాల యుద్ధక్రీడను ప్రచురించి, దాని చివర మాంత్రికులను, రాక్షసులను గూర్చిన నియమములు కొన్ని చేర్చిరి. అందు మాంత్రికుడు ఇంచుమించు ఫిరంగివంటివాడు. అతడు విసరు అగ్నిగోళము రాళ్లు రువ్వు పెద్దయంత్రము దెబ్బతో సమానముగా లెక్కింపబడినది. పిదప 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను వెలువరించిరి. సేనలకు బదులు ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క మనిషిగా ఆడుట ఇందలి క్రొత్తదనము.

ఈ ఆటకు గళ్లపలక తప్పనిసరి కాదు. ఒకరు కథ నడుపువారు. తక్కినవారు కథలోని పాత్రలు. కథ నడుపువారు, “మీరు చీకటిపడువేళకు ఏటి ఒడ్డుకు చేరితిరి, వంతెనమీద నలుగురు సాయుధులున్నారు, ఏమి చేయుదురు?” అని అడుగుదురు. ఒక్కొక్కరు తాము చేయదలచినది చెప్పుదురు. అది ఫలించునో లేదో తేల్చుటకు ఇరువది ముఖముల పాచిక వేయుదురు. మన వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడుచుండగా, వినువారు లేచి, “నేను బాలచంద్రుడను, నేనిట్లు చేయుదును” అనుటకు వీలున్నచో ఎట్లుండునో, ఈ ఆట అట్లుండును.

ఆటలో ప్రతి పాత్రకును ఒక వృత్తి యుండును. 1974 నాటి మొదటి పుస్తకములలో వృత్తులు మూడే: యోధుడు, మాంత్రికుడు, పూజారి. యోధునకు అన్ని ఆయుధములును, కవచమును కలవు, మంత్రము లేదు. మాంత్రికునకు మంత్రము కలదు. కవచము లేదు, ఆయుధమనగా చురకత్తి యొక్కటే. ఇట్లు విడదీయుటకు కారణము పులిజూదము ఆడినవారందఱికిని తెలియును. పులికి బలము, మేకకు సంఖ్య. పులికే సంఖ్యయు ఇచ్చినచో ఆట మొదటి ఎత్తులోనే ముగియును. అట్లే, యోధునకు మంత్రము గూడ ఇచ్చినచో తక్కినవారు చూచుచు కూర్చుండవలసినదే.

అయినను మనుష్యుని ఊహ ఊరకుండదు గదా! రెండును గలవాడు కావలెనని ఆటగాండ్రు మొదటినుండియు కోరుచునే వచ్చిరి. మొదటి పుస్తకములలోనే, మనుష్యేతరమైన ఒక జాతివానికి ఒకనాడు యోధుడుగను, మఱియొకనాడు మాంత్రికుడుగను ఆడుటకు అనుమతి కలదు. తరువాతి సంచికలలో ఈ రెండింటిని కలిపిన వృత్తులు పెక్కు వచ్చినవి. అందు నాకు నచ్చినది, పాత్‌ఫైండర్ అను మఱియొక ఆటకై 2011లో వెలువడిన మేగస్ అను వృత్తి. నచ్చుటకు కారణము దాని బలము కాదు. ఆ బలమునకు కట్టిన వెల.

ఆ వెల యెట్టిదో అంకెలలో చూడుడు. ఆ ఆటలో మెట్టు ఎక్కినపుడెల్ల యోధునకు ప్రాణబలము పది ముఖముల పాచికతో పెరుగును. మాంత్రికునకు ఆఱు ముఖముల పాచికతో. మేగస్‌కు ఎనిమిది ముఖముల పాచికతో. మాంత్రికుడు నేర్వగల మంత్రములకు తొమ్మిది అంతస్తులుండగా, మేగస్‌కు ఆఱే. బరువైన కవచము మంత్రమునకు కావలసిన చేతి కదలికను అడ్డగించును గనుక అతడు తేలికపాటి కవచముతో ప్రారంభింపవలెను. ఏడవ మెట్టున నడితరపు కవచము, పదుమూడవ మెట్టున బరువు కవచము ధరించి మంత్రము వేయగల నేర్పు వచ్చును. కత్తియు మంత్రమును ఒక్కసారి ప్రయోగింపదలచినచో ఒక చేయి ఖాళీగా నుండవలెను. కనుక డాలు పట్టుటకు వీలులేదు. పైగా మనస్సు రెండుగా చీలుటచేత కత్తిదెబ్బకు వేసిన పాచికలో రెండు తగ్గించుకొనవలెను. ఇన్ని వదలుకొనినమీదట అతనికి దక్కునది ఒక్క విశేషము: చేతితో తాకి ప్రయోగింపవలసిన మంత్రమును కత్తికి ఎక్కించి, కత్తిదెబ్బతోబాటు శత్రువునకు అందింపగలడు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 2014 నాటి నియమములలో మఱియొక చక్కని లెక్క కలదు. కొన్ని మంత్రములు వేసినంతనే ముగియవు. వేసినవాడు వానిపై మనస్సు నిలిపియుంచవలెను. ఆ సమయమున శత్రువు అతనిని కొట్టినచో పాచిక వేయవలెను. దేహదార్ఢ్యమునకు లభించు అంకెను కలుపుకొని, పది గాని, తగిలిన దెబ్బలో సగము గాని, ఏది యెక్కువైన దానిని అందుకొనవలెను. దెబ్బ ఆఱైనచో పది చాలును. దెబ్బ ఇరువదినాలుగైనచో పండ్రెండు కావలెను. అందుకొనలేనిచో మంత్రము చెడును. దెబ్బ తగిలినప్పటికిని మనస్సు చెదరనివాడే మంత్రమెఱిగిన యోధుడని ఈ నియమము తాత్పర్యము. అర్జునునకు వ్రతనిష్ఠవలన లభించినదానిని వీరు పాచికతో కొలుచుచున్నారు.

ఈ ఆటలో మంత్రములు మఱచిపోవుటగూడ కలదు. తొలినాటి నియమములలో మాంత్రికుడు ప్రాతఃకాలమున మంత్రములను జ్ఞప్తికి తెచ్చుకొనును. ఒకసారి వేసిన మంత్రము మనస్సునుండి చెఱిగిపోవును. మరల వల్లెవేసినగాని రాదు. 1950లో వెలువడిన జాక్ వాన్స్ కథలనుండి తాము ఈ భావమును గ్రహించినట్లు గైగాక్స్ చెప్పుకొనెను. ఇది చదువగానే మనకు కర్ణుడు స్మరణకు రాక మానడు. తాను బ్రాహ్మణుడనని చెప్పి పరశురామునియొద్ద అస్త్రవిద్య నేర్చిన కర్ణునకు, ఆ అస్త్రము అవసరసమయమున మనస్సునకు తోచకుండుగాక యని గురుశాపము కలిగినది. విద్య ఎంత గొప్పదైనను, సంపాదించిన మార్గమును బట్టియే నిలుచునని మనవారి తీర్మానము. ఆటవారు జ్ఞాపకమునకు హద్దు కట్టిరి. మనవారు సత్యమునకు ముడిపెట్టిరి. భేదమంతియే.

ఒకనాడు మా బంధువుల పిల్లలు ఆడుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. మా అన్నగారి మనుమడు ఈ మేగస్ పాత్రను ధరించెను. కథ నడుపునది వాని పినతండ్రి కూతురు. కథలో దొంగలు ఊరి గవినియొద్దకు వచ్చిరి. ఊరివారు కొందఱు వారికి చిక్కి వారినడుమ నున్నారు. పిల్లవానియొద్ద అగ్నిగోళమంత్రము ఒక్కసారికి మిగిలియున్నది. వేసినచో దొంగలందఱును ఒక్క దెబ్బతో పోవుదురు. కాని ఆ మంత్రము ఇరువది అడుగుల వ్యాసార్ధమున నున్నవారినెల్ల కాల్చును. మనవారని, పరులని చూడదు. తోడి ఆటగాండ్రు వేయుమని తొందరపెట్టిరి. ఆ పిల్లవాడు చాలసేపు ఊరకుండి, కడకు “వేయను” అని చెప్పి, కత్తిమొనకు మెఱుపుమంత్రమును ఎక్కించుకొని ఒక్కొక్కరితో పోరెను. పాచికలు అనుకూలింపలేదు. వాని పాత్ర ఆ గవినియొద్దనే నేలకొరిగినది. ఊరివారు మాత్రము తప్పించుకొని పోయిరి.

పిల్లవాడు ఓడిపోయితినని దిగులుపడుచుండగా నేను వానితో, “అబ్బాయీ, నీవు చేసినది విశ్వామిత్రుని శిష్యుడడిగిన రెండవ విద్య” అంటిని. వాడు ఆ కథ చెప్పుమనెను. నాటిరాత్రి భోజనములవేళవఱకు అశ్వత్థామ కథయే నడిచినది. మీ మూడవ ప్రశ్నకు, అనగా లాభమేమన్న ప్రశ్నకు, నా సమాధానము ఇందే యున్నది. ఆట బలము నిచ్చును, హద్దును జూపును. ఆ హద్దు ఏల కావలెనో చెప్పువారు ఇంటిలోని పెద్దలు.

ఆ చెప్పుటకు పల్నాటివారికంటె తగినవారు లేరు. ఎందుచేత ననగా, ఈ నేలపైని కథయే అట్టిది. పండ్రెండవ శతాబ్దపు తుదిభాగమున, సాధారణముగా 1182 ప్రాంతమని చెప్పుదురు, నాగులేటి యొడ్డున కారెంపూడియందు జరిగిన యుద్ధము మీకు నేను వర్ణింపనక్కఱలేదు. గురజాలను ఏలిన నలగామరాజు ఒకవంక, మాచర్లను ఏలిన మలిదేవరాజు ఒకవంక. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. శ్రీనాథుడు రచించెనని ప్రసిద్ధమైన ద్విపదయందును, వీరవిద్యావంతుల పాటలందును ఈ కథ నిలిచినది. ఆలిసెట్టి గాలెయ్య పాడిన పాఠమును జీన్ రోఘైర్ అను పండితుడు ఆంగ్లమున అనువదింపగా, 1982లో ఆక్స్‌ఫర్డువారు అచ్చువేసిరి.

పల్నాటి వీరులు మన ఆటలోని మేగస్‌వలె మంత్రము చదివి కత్తి దూసినవారు కారు. అయినను కథకుల దృష్టిలో వారి ఆయుధములు ఉట్టి యినుము కావు. బ్రహ్మనాయుడు విష్ణ్వంశసంభూతుడు, మాచర్ల చెన్నకేశవుని భక్తుడు, అతని చేతి కుంతము దైవబలము గలది. మాలవాడని లోకము దూరముగా నుంచిన కన్నమదాసును అతడు కొడుకుగా స్వీకరించి సేనానిని చేసెను; ఆ కన్నమదాసు చేతిలోనిది భైరవఖడ్గము. వీరులకు అంకమ్మతల్లి అండ. కావున శస్త్రమును, దైవమును ఒక్కచోట చేరిన యోధులు మన పల్నాటి వీరులు.

అంతటి బలముండియు జరిగినదేమి? కోడిపందెమున ఓడి ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీఱినపిదప రాజ్యభాగమడుగుటకు రాయబారము పోయిన అలరాజు, నలగామరాజునకు అల్లుడయ్యును, విషప్రయోగమున మడిసెను. పెద్దవాడైన బ్రహ్మనాయుడు సంధికి మొగ్గినను, పడుచువాడైన బాలచంద్రుడు ఆగలేదు. విడిచిన బాణమునకు మరలింపు లేకపోయెను. ఇరువైపుల వీరులును కారెంపూడి నేలపై రాలిరి. కడకు మిగిలిన బ్రహ్మనాయుడు గెలిచిన రాజ్యమును తాను కట్టుకొనలేదు; నలగామరాజునకే అప్పగించి తాను గుత్తికొండ బిలమునకు తపస్సునకై పోయెనని కథకులు చెప్పుచున్నారు. ఇది ఉపసంహారము కాక మఱియేమి? అయితే అది వచ్చినది అందఱును పడిపోయినతరువాత. పల్నాటి కథలోని దుఃఖమంతయు ఆ ఆలస్యముననే యున్నదని నాకు తోచును.

ఆ కొఱతను మన పూర్వులు గుర్తించిరేమో యనిపించును, వారు ఏర్పఱచిన ఆచారమును చూచినచో. ఏటేట కార్తికమాసపు అమావాస్యనాడు కారెంపూడిలో వీరుల ఉత్సవములు మొదలగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు దినములు జరుగును. ఊరూరినుండి ఆచారవంతులు వీరుల ఆయుధములైన కొణతములను మోసికొనివత్తురు. వానిని నాగులేట స్నానము చేయింతురు; పూజింతురు; వీరుల గుడి చుట్టు ఊరేగింతురు. పిదప ఎవరి కొణతమును వారు భద్రముగా ఇంటికి కొనిపోవుదురు. బ్రహ్మనాయుడు నెలకొల్పిన చాపకూడు జ్ఞాపకముగా అన్ని కులములవారును ఒక్క పంక్తిని భుజింతురు. ఆలోచింపుడు. యుద్ధమునకు కారణములైన ఘట్టములన్నియు, కోడిపోరుతో సహా, మరల నడచును. ఆయుధములన్నియు బయటికి వచ్చును. పగ మాత్రము రాదు. ఒక దేశము ప్రజలందఱును కలిసి తమ అస్త్రములను ఏటేట నీటిలో చల్లార్చి ఇంటికి తెచ్చుకొనుచున్నారు. పాచికలతో ఆడు పిల్లల ఆటయు ఒక విధముగ ఇట్టిదే: కత్తి దూయుటయు, మంత్రము విడుచుటయు అందు జరుగును గాని, ఆట ముగిసినపిదప ఆడినవారందఱును ఒక్కచోట కూర్చుండి అన్నము తిందురు.

కాబట్టి పిల్లవాడు మంత్రమెఱిగిన యోధుడనై ఆడుచున్నానని చెప్పినపుడు, వానిని కసరవలదని నా మనవి. దగ్గఱ కూర్చుండి రెండు ప్రశ్నలడుగుడు. నీ మంత్రమునకు వెల యేమి? విడిచినదానిని మరలించుట నీకు తెలియునా? ఆటలో మొదటిదానికి నియమపుస్తకము జవాబు చెప్పును. రెండవదానికి జవాబు చెప్పుటకు మీరు కావలెను. మీ కారెంపూడి కథ కావలెను.

ఆ ప్రశ్నలు పిల్లలకు మాత్రమేనా యని మీరడుగవచ్చును. రచ్చబండమీద కూర్చుండి గట్టుతగాదాలు, నీటితగాదాలు తీర్చు పెద్దల చేతిలో కత్తి లేదు. కాని నోట మాట కలదు. నలుగురిలో పెద్దవాడన్న ఒక్కమాటతో రెండిండ్ల నడుమ పొయ్యి ఆరవచ్చును, మండవచ్చును. అదియే మనకు మిగిలిన మంత్రముక్తము. దానిని విడుచుటకు ముందు, గురుపుత్రునకును మాకును క్షేమమగుగాక యని తలచుకొన్న అర్జునుని ఒక్క క్షణము స్మరించుకొందుము గాక.

సెలవు.